బావమరిది సీరియల్, బావగారి సమీక్ష

పత్రికాఫీసులో అందరూ ఆయన్ని ఎదురుగా ‘సార్’ అనేవారు, చాటుగా ‘పంటిరాయి’ అనేవారు. ఎంత మెత్తని సీరియల్ వడ్డించినా ఆయన పంటికింద ఎక్కడో ఒక రాయి పడి తీరుతుందని ఆ పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పైకి తెలియనట్టు ఉండేవారు గానీ లోపల కాస్త గర్వంగానే ఉండేది. టీవీ కార్యక్రమాల మీద ఆదివారం సంచికలో ఆయన రాసే సమీక్షలు చదివేవాళ్లలో చాలామంది ఆ కార్యక్రమాలను చూడనే చూడరు. సమీక్ష చదివి నవ్వుకుంటే చాలు వాళ్లకు.

అలాంటి మనిషి బల్ల మీదకు ఒకరోజు ‘మబ్బుల రేవు’ వచ్చి పడింది.

అది బొమ్మల సీరియల్. గాల్లో తేలే దీవులు, ఆ దీవుల మధ్య మబ్బుల మీద పడవ నడిపే ఒక పిల్ల, ఆ పిల్ల వెంట గుటకడు అనే బొచ్చు జంతువు. గుటకడు చప్పుళ్లను మింగేస్తాడు. వాడు ఉరుమును మింగితే ఇక లోకంలో ఉరుములుండవు. గంటను మింగితే గంటలు మోగవు. ఒకనాడు పొరపాటున ఆ పిల్ల అమ్మమ్మ గొంతు మింగేశాడు. మింగినదాన్ని తిరిగి దాని సొంతవాళ్లకు చేర్చే దీవి మబ్బుల చివర ఎక్కడో ఉందని విని ఇద్దరూ పడవ ఎక్కారు. అదీ కథ.

దాన్ని తీసింది ఆయన బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. నలభై దాటి, నడినెత్తిన జుట్టు పలచబడినా ఇంట్లో వాళ్లకు అతను ఇప్పటికీ చంటే.

పంటిరాయిగారు తిన్నగా ఎడిటర్ గదిలోకి వెళ్లారు. “మేడమ్, ఇది నేను రాయకూడదు. తీసినవాడు మా ఆవిడ తమ్ముడు.”

ఎడిటర్ కళ్లజోడు పైకి నెట్టుకుని తలుపులోంచి మిగతా బల్లల వైపు చూసి, ఎవరు రాస్తారని కేక వేసింది. “బొమ్మలా? పిల్లలున్న వాళ్లకివ్వండి,” అన్నాడు సినిమా పేజీ చూసేవాడు. “ఇంట్లో చూసేది చాలదూ, ఇక్కడ కూడానా!” అని పిల్లలున్నావిడ చేతులెత్తేసింది.

“విన్నారుగా, ఇంకెవరూ లేరు,” అంది ఎడిటర్. “చుట్టరికం దాచకండి. మొదటి వాక్యంలోనే చెప్పేసి, తర్వాత మీకేమనిపిస్తే అది రాయండి.”

ఆయన మొదటి మూడు భాగాలు శ్రద్ధగా చూసి, అలాగే రాశారు. “ఈ సీరియల్ దర్శకుడు నా భార్యకు తమ్ముడు. కనుక ఈ సమీక్ష అచ్చయ్యాక మా ఇంట్లో నాకు కాఫీ దొరుకుతుందో లేదో చెప్పలేను” అని మొదలుపెట్టారు. రంగులు కంటికి ఇంపుగా ఉన్నాయన్నారు. గుటకడు ముద్దొస్తున్నాడన్నారు. అక్కడితో మంచిమాటలు అయిపోయాయి. “పడవ పిల్ల చేతిలో ఒక మాయ తెడ్డు ఉంది. తుఫాను వస్తే తెడ్డు ఊపుతుంది, తుఫాను పోతుంది. రాక్షసి వస్తే తెడ్డు ఊపుతుంది, రాక్షసి పోతుంది. మూడో భాగానికి వచ్చేసరికి నాకు ఆ పిల్ల గురించి బెంగే లేకుండా పోయింది. అలాంటి తెడ్డు ఒకటి దొరికితే మా వీధి కరెంటాఫీసుకు పట్టుకెళ్దామనిపించింది.”

ఆదివారం పొద్దున పేపరు వచ్చింది. కాఫీ రాలేదు.

తమ్ముడి సీరియల్ గురించి మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పి పెట్టుకుంది ఆవిడ. పేపరు మడతపెట్టి బల్ల మీద పడేసి, “ఏమండీ, వాడు నాలుగేళ్లు కూర్చుని గీశాడు,” అంది.

“తెలుసు.”

“తెలిసే రాశారా?”

“ఎన్నేళ్లు గీశాడో తెరమీద కనిపించదు కదా.”

“బాగాలేదంటే బాగాలేదని రాయండి. మధ్యలో ఆ కరెంటాఫీసు దేనికి? పై ఇంటివాళ్లు అది చదివి నవ్వుతుంటే ఇక్కడికి వినపడింది.”

“నవ్వారా?”

ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగిపోయింది. ఆ వెలుగు ఆవిడ కంట పడింది. ఆ పూట ఆవిడ తరఫున వంటింట్లో గిన్నెలే మాట్లాడాయి.

మధ్యాహ్నానికి చంటి వచ్చాడు. చంకలో పేపర్ల కట్ట ఉంది. తలుపు తీస్తూనే అక్క అతని చెయ్యి పట్టుకుంది. “ఒరేయ్ చంటీ, నువ్వేం మనసులో పెట్టుకోకురా. మీ బావకి లోకంలో ఏదీ నచ్చదు. పెళ్లిలో నన్ను చూసి కూడా చీర రంగు నప్పలేదన్నారు.”

“నప్పలేదు మరి,” అన్నారు లోపలి గదిలోంచి పంటిరాయిగారు.

చంటి నవ్వకుండా వెళ్లి బావ ఎదురుగా కూర్చుని పేపర్లన్నీ నేల మీద పరిచాడు. ఊళ్లో వచ్చే పత్రికలన్నీ ఉన్నాయి. ‘అద్భుతం’ అని ఒకటి, ‘కనులపండువ’ అని ఇంకొకటి, ‘పిల్లలకూ పెద్దలకూ పండగే’ అని మరొకటి.

“చూశారా!” అంది అక్క. “మిగతావాళ్లంతా ఎంత బాగా రాశారో.”

“గీత పెట్టినచోట చదవండి బావా,” అన్నాడు చంటి.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివారు. ప్రతి సమీక్షలోనూ ఏడు రెక్కల గుర్రాన్ని పొగిడారు. ఆయన పేపర్లన్నీ మళ్లీ తిరగేశారు. “ఇదేమిట్రా? ఈ గుర్రం నాకు గుర్తే లేదు. నేను కునుకు తీశానా ఏంటి?”

“మీరు కునుకు తీయలేదు. సీరియల్లో గుర్రమే లేదు. మొదట్లో అనుకున్నాం, ఆ రెక్కలు కదిలించడం మావల్ల కాక తీసేశాం. ప్రచారానికి పంపిన కాగితంలో మాత్రం ఉండిపోయింది. వీళ్లంతా దాన్ని చూసి రాసేశారు.” చంటి ఒక పేపరు చేతిలోకి తీసుకున్నాడు. “ఇదిగో, ఈయన ‘గుర్రం కళ్లలో పలికిన దిగులు మరువలేం’ అన్నాడు బావా!”

ముందు అక్క నవ్వింది. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. పై ఇంటివాళ్లకు వినపడే ఉంటుంది.

నవ్వు తగ్గాక పంటిరాయిగారు కాస్త మెల్లగా అడిగారు. “నాది చదివినప్పుడు బాధ పడ్డావా?”

“పడకేం? చదవగానే మిమ్మల్ని నోరారా తిట్టుకున్నాను. స్నానం చేస్తూ ఇంకోసారి తిట్టుకున్నాను. ఆ తర్వాత మిగతావి చదువుతుంటే ఈ గుర్రం తగిలింది. మా సీరియల్ చూసి రాసింది మీరొక్కరే అని అప్పుడర్థమైంది.” చంటి తల గోక్కున్నాడు. “ఆ తెడ్డు వద్దని మా రంగులేసే అమ్మాయి ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. నేనే చెవిన వేసుకోలేదు. పొద్దున ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా నవ్వి పెట్టేసింది. ఇప్పటికి ఆరు భాగాలు పూర్తయ్యాయి. ఏడోదాన్లో ఆ తెడ్డుని...”

“చెప్పకు!” పంటిరాయిగారు రెండు చెవులూ మూసుకున్నారు. “చూసి రాయాల్సినవాణ్ణి నేను. ముందే చెప్పేస్తే ఎలాగరా?”

అక్క లేచి వంటింట్లోకి వెళ్లి ముగ్గురికీ కాఫీ తెచ్చింది. ఆయన కప్పులో మాత్రం చక్కెర వేయలేదు.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. సొంత బావమరిదిని అచ్చులో ఉతికి ఆరేసిన సమీక్ష ఊరంతా చేతులు మారింది. అసలు ఆ సీరియల్లో అంత తిట్టాల్సింది ఏముందో చూద్దామని జనం టీవీల ముందు కూర్చున్నారు. కొంతమంది తెడ్డు ఎన్నిసార్లు ఊపుతుందో పందేలు కట్టుకున్నారు. సీరియల్ మునిగిపోతుందని బెంగపెట్టుకున్న చానెల్ వాళ్లు, ప్రతివారం ఇలాగే తిట్టమని ఎడిటర్‌కు ఫోన్ చేసి మరీ బతిమాలారు. తిట్టమనీ పొగడమనీ తన మనిషికి చెప్పే అలవాటు తనకు లేదంది ఎడిటర్. కానీ ప్రతివారం రాయమని మాత్రం చెప్పింది.

ఆయన రాశారు. ప్రతి సమీక్షా ఇంటి పరిస్థితితో మొదలయ్యేది. “ఈ వారం కాఫీలో చక్కెర పడింది, కానీ కలపలేదు” అని ఒకసారి, “నా చొక్కాలన్నీ ఇస్త్రీకి వెళ్లాయి, తిరిగి రావడం లేదు” అని ఒకసారి. మంగలి కత్తెర ఆపి, “ఈ వారం బావమరిదిని ఏం చేస్తారు సార్?” అని అడిగేవాడు. కూరల దుకాణం ఆవిడ సంచీ అందిస్తూ, “పోనీ ఆయనకో కప్పు ఇచ్చెయ్యండమ్మా, పెద్దాయన,” అనేది. ఆయన భార్య పైకి విసుక్కునేది గానీ, ఆదివారం పేపరు ముందుగా అందుకునేది ఆవిడే. తన గురించి ఏం రాశారో చదివాకే మిగతాది చదివేది.

అక్కడ స్టూడియోలో పని జోరుగా సాగుతోంది. ఒక గోదాము పై అంతస్తు అది. ఎండ పడకుండా కిటికీలకు నల్ల తెరలు కట్టారు. గీసేవాళ్ల బల్లల మీద కంప్యూటర్ల పక్కనే ఒక్కో అద్దం ఉంది. బొమ్మ ముఖంలో కోపం కావాలంటే ముందు అద్దంలో తాము కోపం తెచ్చుకుని చూసుకుని గీస్తారు. బయటివాళ్లు హఠాత్తుగా లోపలికి వస్తే, ఒక గదినిండా మనుషులు ఎవరికి వాళ్లు పళ్లు నూరుకుంటూ కనిపిస్తారు.

చంటి పెద్ద అద్దం ముందు ఖాళీ చేతులతో నిలబడ్డాడు. తెడ్డు లేని పిల్ల ఎలా నిలబడుతుందో ఎంతకీ తెగలేదు. నడుం మీద చేతులు పెట్టుకుంటే పొగరుగా ఉంది. కట్టుకుంటే చలేస్తున్నట్టుంది.

“చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడండి సార్,” అంది రంగులేసే అమ్మాయి. “ఇన్నాళ్లూ ఆ చేతుల్లో ఏదో ఒకటుంది కదా.”

చంటి చేతులు వదిలేశాడు. కుడిచెయ్యి తనంతట తానే గాల్లో తెడ్డు పిడి కోసం వెతికింది. “ఆఁ, అదే! కదలకండి!” అని గదిలో నలుగురూ ఒకేసారి అరిచారు.

ఏడో భాగంలో తెడ్డు విరిగి మబ్బుల్లో పడిపోయింది. ‘పిల్ల చేతులు ఖాళీ అయ్యాయి, చూద్దాం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు పంటిరాయిగారు. ఎనిమిదోది ఆయన ఆఫీసులోని చిన్నగదిలో ఒంటరిగా కూర్చుని చూశారు.

పడవ తుఫానులో చిక్కుకుంది. పిల్లకు భయం వేసింది. ఈసారి నిజం భయం, పెదాలు వణికాయి. గుటకడు పడవ వెనక్కి వెళ్లి, ఇన్నాళ్లూ మింగిన చప్పుళ్లను ఒక్కొక్కటే బయటికి ఊదాడు. ఉరుము వెళ్లిపోయింది, దాని ఊపుకి పడవ కాస్త ముందుకు కదిలింది. గంటలు వెళ్లిపోయాయి, ఇంకాస్త కదిలింది. ఒడ్డు చేతికందేంత దూరంలో ఉండగా వాడి దగ్గర ఒక్కటే మిగిలింది. బుగ్గలో దాచుకుని పిల్ల ముఖంలోకి చూశాడు. ఆ దీవి చేరకముందే వదిలేస్తే అమ్మమ్మ గొంతు ఇక దొరకదు. వదలకపోతే పడవ ఉండదు. పిల్ల తల ఊపింది. గుటకడు ఊదాడు.

ఆ గొంతులో గొప్ప మాటలేమీ లేవు. మింగేసిన ఆ క్షణంలో ముసలావిడ ఏమంటోందో అదే ఉంది. “తల సరిగ్గా తుడుచుకోవే, జలుబు చేస్తుంది.” అంతే. ఆ మాట తుఫానులో కలిసిపోయింది, పడవ ఒడ్డు తాకింది.

బొమ్మ అయిపోయాక కూడా పంటిరాయిగారు లేవలేదు. కాసేపటికి ఇంటికి ఫోన్ చేశారు.

“ఏమీ లేదు, ఊరికే చేశాను. వాన పడేట్టుంది, కిటికీలు వేశావా?”

“ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు కిటికీల సంగతి. ఒంట్లో బాగానే ఉందా?” అంది భార్య కంగారుగా.

ఆ వారం సమీక్షలో కాఫీ లేదు, చొక్కాల్లేవు. “ఎంత వెతికినా ఈసారి నాకు రాయి తగల్లేదు” అని మొదలుపెట్టి, ఎందుకు బాగుందో విడమరిచి రాశారు.

ఒక్కరూ నమ్మలేదు.

ఉత్తరాలు వెల్లువలా వచ్చి పడ్డాయి. ‘ఇంట్లో భోజనం కూడా బంద్ చేశారా సార్?’ అని ఒకరు, ‘అమ్మగారికి మా అభినందనలు’ అని ఇంకొకరు. మంగలి అద్దంలో కన్ను గీటి, “ఎంతైనా బావమరిది కదా సార్,” అన్నాడు. ప్రతివారం తప్పకుండా ఉత్తరం రాసే ఒక రిటైర్డ్ రైలు గార్డు, ‘మీరు ఎర్రజెండా పట్టుకున్నంత కాలం నాకు ధైర్యంగా ఉండేది. మీరూ పచ్చజెండా ఊపేశారు’ అని రాశాడు. అది పంటిరాయిగారికి చాలా లోతుగా గుచ్చుకుంది.

ఎడిటర్ నవ్వు ఆపుకుంటూ, “వచ్చేవారం కాస్త తిట్టండి, అదే సర్దుకుంటుంది,” అంది.

“బాగున్నదాన్ని తిట్టమంటారా?”

“కాస్త వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు.”

“మేడమ్, నేను రాళ్లు ఏరేవాణ్ణే. రాళ్లు కలిపేవాణ్ణి కాను.”

ఆవిడ నవ్వు ఆపింది. “అయితే ఏం చేద్దామంటారు?”

“మన మీటింగు హాలు ఇప్పించండి. నమ్మనివాళ్లను వచ్చి నాతో కూర్చుని చూడమంటాను.”

పేపర్లో ప్రకటన వేశారు. ఆదివారం పొద్దున వేసిన కుర్చీల కంటే ఎక్కువమంది వచ్చారు. కొందరు గోడలకు ఆనుకున్నారు. రైలు గార్డు అందరికంటే ముందొచ్చి, మొదటి వరసలో చేతులు కట్టుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలా కూర్చున్నాడు. చంటి టోపీ కళ్లమీదికి లాక్కుని ఆఖరి వరసలో నక్కాడు. పక్కన అక్క ఉంది.

తుఫాను మొదలయ్యేదాకా కుర్చీల కిర్రుమనే చప్పుళ్లు, దగ్గులు వినిపించాయి. గుటకడి బుగ్గలో ఆఖరి చప్పుడు మిగిలేసరికి హాల్లో ఫ్యాన్లు తప్ప మరేమీ వినిపించలేదు. ‘జలుబు చేస్తుంది’ అన్న మాట దగ్గర ఎవరో గట్టిగా ముక్కు చీదారు.

దీపాలు వేశారు. పంటిరాయిగారు ముందుకొచ్చి, “చెప్పండి. నేను లొంగిపోయానా?” అని అడిగారు.

రైలు గార్డు నెమ్మదిగా లేచాడు. “బాగుంది. ఒప్పుకుంటున్నాను. కానీ మీరు రాసినంత లేదు.”

“అంతకంటే ఎక్కువుంది!” అంటూ ఆసుపత్రి డ్యూటీ నుంచి అటే వచ్చేసిన ఒక నర్సు లేచింది. “ఈయన సగమే రాశారు. ఆ పిల్ల తల ఊపే ముందు ఒక్కసారి వెనక్కి చూస్తుంది, దాని సంగతే రాయలేదు.”

“అదంతా సరేనండీ,” అన్నాడు గోడకు ఆనుకున్న దర్జీ. “అమ్మమ్మ గొంతే పోయాక ఇంక ఆ దీవికి వెళ్లడం దేనికి? కథ అయిపోయినట్టేగా?”

“ఎలా అయిపోతుంది? ఇంటికెళ్లి అమ్మమ్మకు ముఖం చూపించొద్దూ?” అని ఎవరో అందుకున్నారు. ఇంకెవరో కాదన్నారు. హాలంతా ఒకటే గోల. పంటిరాయిగారిని పట్టించుకునేవాళ్లే లేరు. ఆఖరి వరసలో చంటి ఆగలేక సగం లేచాడు. అక్క అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

“కూర్చోరా. వాళ్లు తేల్చుకుంటారు.”

వాచ్‌మన్ తాళాలు గలగలలాడించేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత ఆ తగువు మెట్లు దిగి పేవ్‌మెంటు మీదకు చేరింది. రైలు గార్డు, పక్కన టోపీ పెట్టుకుని నిలబడ్డ మనిషిని భుజం తట్టి అడిగాడు. “నీకేమనిపించింది బాబూ?”

చంటి టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. “నాకా? తుఫాను కాస్త ఎక్కువైందేమోనని...”

“ఏం మాట్లాడుతున్నావు! దానికి ప్రాణమే ఆ తుఫాను! నీకు చూడ్డం తెలీదు,” అని కసిరి, గార్డు దర్జీతో మిగిలిన తగువు తీర్చుకోవడానికి వెళ్లిపోయాడు.

చంటి అక్కడే నిలబడి చాలాసేపు నవ్వాడు. తర్వాత బావ దగ్గరికొచ్చి, “బావా, ఇన్నేళ్లలో నన్ను ఇంత బాగా ఎవరూ తిట్టలేదు,” అన్నాడు.

“నేనున్నాను కదరా?” అన్నారు ఆయన కాస్త నొచ్చుకున్నట్టుగా.

మర్నాడు పంటిరాయిగారు ఎడిటర్ ముందు నిలబడ్డారు. “ఈ సీరియల్ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి మేడమ్. చుట్టరికానికి భయపడి కాదు. నాకది నచ్చేసింది. వచ్చేవారం ఏమవుతుందోనని మిగతావాళ్లలాగే కూర్చుని చూడాలనుంది.”

ఈసారి బొమ్మల సీరియల్ కోసం ముగ్గురు చేతులెత్తారు. ఆటల పేజీ రాసే అమ్మాయికి దక్కింది.

తొమ్మిదో భాగాన్ని పంటిరాయిగారు ఇంట్లో భార్య పక్కన సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని చూశారు. తీగల వంతెన మీద పిల్ల, గుటకడు ఒకరినొకరు పట్టుకుని నడుస్తుంటే ఈయన దిండు పట్టుకున్నారు. అది ఎప్పుడు పట్టుకున్నారో ఆయనకే తెలియదు.

ఆదివారం పేపరు వచ్చింది. ఆయన చదివారు. ముఖం మాడిపోయింది.

“ఏమంటోందండీ ఆ అమ్మాయి?” అడిగింది భార్య.

“వంతెన సీను సాగదీశారట! ఎక్స్‌ట్రా టైమ్ ఆడినట్టుందట! ఈ కాలం పిల్లలకు ఓపికేదీ? అసలు చూసిందో లేదో!” అంటూ ఫోన్ అందుకున్నారు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ నవ్వడం ఆయన గమనించలేదు.

“హలో, అమ్మాయ్! వంతెన సీను సాగిందన్నావు. చూశావా అసలు?”

“రెండుసార్లు చూశాను సార్,” అంది అవతలి గొంతు. “రెండోసారి మా నాన్నతో కలిసి.”

“మరి ఆయనేమన్నారు?”

“ఆయన వంతెన సగంలో ఉండగానే నిద్రపోయారు సార్.”

పంటిరాయిగారు ఎంత ఆపుకున్నా ఆగక నవ్వేశారు. కాలితో కుర్చీని దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

“సరే, ఎక్కడ సాగిందో చెప్పు. నేనూ ఊరుకోనులే, నా వాదన నాకుంది. ముందు నువ్వు చెప్పు.”